ఏటిగట్టమ్మ ఎవరింటికి వచ్చింది?

నేను ఒక ఇత్తడి గరగను. జాతరనాడు అమ్మవారికి బదులుగా భక్తుల నెత్తినెక్కి ఊరేగే కలశాన్ని. నా మెడ దగ్గర ఒక సొట్ట ఉంది. ఈ కొండేరు ఊళ్లో దానికీ రెండు పురాణాలున్నాయి! రాక్షసుడి గద తగిలిందని ఒకరు, అమ్మవారు వేలితో నొక్కిందని ఇంకొకరు. నన్ను పోతపోసిన కంచరి పాపయ్య చేయి జారి గడప మీద పడ్డానని ఎవరికి చెప్పుకోను?

ఇక అమ్మవారి సంగతి సరేసరి. వరదలో ఏటిగట్టమ్మ తమ వలలో పడిందంటారు పల్లెవీధి జాలర్లు. ముసలమ్మలా వచ్చి తాము కుండలు కాల్చే ఆవం దగ్గర చలి కాచుకుందంటారు కుమ్మరివీధి వాళ్లు. అందుకని నన్ను ముందు ఎవరెత్తుకోవాలా అని ఏటేటా తన్నులాటే. చెరోవైపూ లాగితే నా గతేం కాను?

ఒక ఏడాది మాటలు కర్రలదాకా వెళ్లాయి. జాలర్ల పెద్ద పోశియ్య నా మెడ పట్టుకున్నాడు, కుమ్మరి వీర్రాజు నా అడుగు పట్టుకున్నాడు.

"మా వల్లో పడ్డ తల్లి! ముందు మా నెత్తికే ఎక్కాలి!" అన్నాడు పోశియ్య.

"మా ఆవం కాడ కూకున్న తల్లిని మీకెందుకిస్తామెహె!" అన్నాడు వీర్రాజు.

అంతలో ఎవరి కర్రో వీర్రాజు కొడుకు నుదుటిని చీల్చింది. నెత్తురు నా మీద చిందింది. ఆ కుర్రాడి భార్య మాణిక్యం, పోశియ్య కూతురే. మొగుడి గాయానికి గుడ్డ కట్టి, నేరుగా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"నాన్నా, నేను నీ ఇంట్లో పుట్టలేదా? మావయ్యా, నీ ఇంట్లో మెట్టలేదా? ఆడకూతురికి రెండిళ్లుంటాయి గదా, అమ్మవోరికి ఒకటే ఎందుకుండాలి? ఎవరిల్లు ముందని నన్ను కూడా సగానికి నరుకుతారేంటి?"

కర్రలు కిందికి దిగాయి. ఆమె నన్ను లాక్కుని నెత్తిన పెట్టుకుంది. ఆడవాళ్లు గరగెత్తకూడదన్న మాట పూజారి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె మెడ వణుకుతోందని నాకొక్కదానికే తెలుసు. అయినా రెండు వీధులూ తిప్పింది.

హమ్మయ్య, ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకున్నాను. నా పిచ్చిగానీ! మళ్లీ జాతరకల్లా కొత్త పురాణం తయారు. ఆ రోజు మాణిక్యానికి పూనకం వచ్చిందట, మాట్లాడింది అమ్మవారేనట! పూనకమూ లేదు, పాడూ లేదు. ఆమె నెత్తిమీద ఉన్నదాన్ని నేను కదటయ్యా!

ఇప్పుడు గుళ్లో అద్దాల పెట్టెలో కూర్చుని, పూజారి చెప్పే ఆ కథే రోజూ వింటున్నాను. ఒకసారి మాణిక్యం, ఆమె మొగుడూ కూడా విన్నారు.

"అన్నది నువ్వేనని చెప్పవేంటే?" అన్నాడతను.

"ఊరుకో. నేనన్నానంటే మళ్లీ కర్రలెత్తుతారు" అంది మాణిక్యం, దణ్ణం పెడుతూనే.