పద్నాలుగు మానులు

టామ్సెల్ లోయను అడవి రక్షణ చట్టంలో కలపాలంటే ఒకటే షరతు: అందులో బండి నడిచే దారి ఉండకూడదు. పటంలో మాత్రం పాత కలప దారి ఒకటుంది. దానికడ్డంగా పద్నాలుగు స్ప్రూస్ మానులు పడి ఉన్నాయని, అక్కడ చక్రం కదలదని నిరుడు సంతకం పెట్టి రాసిచ్చింది నేనే. అది చూడ్డానికే సెనేటర్ ఆఫీసు నుంచి కెండ్రా వచ్చింది.

పొద్దుటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు. పైగా ఈదురుగాలి.

నా బండిలోనే బయల్దేరాం. వెనక సీట్లో మా మరిది ఆర్వల్. మొదటి మలుపులో మాను లేదు. రెండో మలుపులోనూ లేదు. ఆరు మైళ్లూ బండి హాయిగా పోయింది.

"ఆ కలప వ్యాపారి డ్వేన్ గాడి పనే ఇది. చట్టం రాకూడదని మొక్కుకుంటున్నాడు" అన్నాను. ఒళ్లు మండిపోయింది.

ఆర్వల్ దిగి, కోసిన మొద్దు దగ్గర రంపంపొట్టు గుప్పిట్లోకి తీసుకున్నాడు. పొడవాటి రిబ్బన్లు. మోటారు రంపమైతే పిండిలాంటి పొట్టు రాలుస్తుంది; ఇది చేతిరంపం కోత.

"వదినా, జూన్‌లో పుట్టగొడుగులకొచ్చాం, గుర్తుందా? మన కంచరగాడిద మానులు దాటలేకపోయిందనీ..."

అప్పుడు గుర్తొచ్చింది. మోటారు రంపాల నిషేధమున్న పక్క అడవిలో ముప్పై ఏళ్లు ఇద్దరం రెండు పిడుల రంపానికి చెరో పిడీ పట్టి బాటలు తెరిచాం. మాను అడ్డం కనబడితే చేతులు వాటంతటవే రంపానికి పోతాయి. అలా పద్నాలుగూ కోసేసి, కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి పోయాం. మళ్లీ తలుచుకున్నది లేదు.

"ఎవరు కోశారండీ?" కెండ్రా అడిగింది.

డ్వేన్ పేరు నాలుక చివరే ఉంది. సిగ్గేసింది.

"మేమే అమ్మాయీ. మేం కొయ్యకపోతే ఇది దారే కాదు."

ఆమె ఏదో రాసుకుంది. నా లోయను చేజేతులా పోగొట్టుకున్నానని తిరుగు దారంతా కుమిలిపోయాను.

మైలు వచ్చామో లేదో, మేం వెళ్లేటప్పుడు లేని ఎండు స్ప్రూస్ ఒకటి దారికడ్డంగా పడి ఉంది. గాలికి కూలినట్టుంది. ఆర్వల్ అలవాటుగా బండిలోంచి రంపం దించి ఒక పిడి నాకు చాచాడు.

నేను చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాను.

"పట్టుకో వదినా."

"పట్టుకోను."

"నీకేమన్నా పిచ్చా? మంచు పడిందంటే బండి వసంతం దాకా ఇక్కడే."

"ఉండనీ. అమ్మాయీ, అయిదు మైళ్లు నడవాలి. నీ బూట్లు గట్టివేనా?"

కెండ్రా మాను వైపు, ఇవతల చిక్కుకున్న నా బండి వైపు చూసింది. ఫోన్ తీసి ఫోటో తీసుకుంది.

ఆర్వల్ తిట్టుకుంటూ రంపం భుజానికెత్తుకుని మాను ఎక్కి దిగాడు. జీవితంలో మొదటిసారి కొయ్యకుండా దాటాడు.