వరసగా వెతకనిచ్చిన రోజు

నేను ఒక పాత కంప్యూటర్‌ని. కాలేజీ ల్యాబులో ఆరేళ్లు పిల్లల వేళ్ల దెబ్బలు తిన్నాక, ఇక పనికిరానని తేల్చి ఆస్పత్రి రికార్డుల గదికి పంపారు. అక్కడికైతే సరిపోతానట. మనుషుల ఆలోచన అలాగే ఉంటుంది.

అక్కడ నా పని చీటీలు వెతకడం. పుట్టిన మూడోరోజు పిల్లల మడమలో సూదితో పొడిచి, నెత్తురుచుక్కను పరీక్షకు పంపుతారు. ఆ ఫలితాల చీటీలు పదకొండు వేలు, స్కాన్ చేసిన బొమ్మలుగా నా కడుపులో ఉన్నాయి. ప్రోగ్రాము రాసిన ఇంజినీరమ్మ రెండు దారులు పెట్టింది. బ్రూట్ ఫోర్స్ అయితే మొదటి చీటీ నుంచి ఒక్కటీ వదలకుండా తెరిచి చదవాలి. తప్పిపోదు గానీ, నా నడకకు ఐదు గంటలు. హ్యూరిస్టిక్ అంటే అంచనా: ఇంటిపేరును బట్టి ఏ కట్టలో ఉండొచ్చో ఊహించి, ఆ కట్ట ఒక్కటే చూడటం. అర నిమిషం చాలు. "అంచనాలో దొరక్కపోతే వరసగా వెతికించండి" అని చెప్పి వెళ్లిందామె. ఆపరేటర్ సంపత్ తలూపాడు. తలూపడానికి ఎంతసేపు!

రజిత మొదటిసారి వచ్చినప్పుడు ఆమె పాపకు నెల. పాలు సరిగా తాగదు, ఎప్పుడూ నిద్రే.

"ఇంటిపేరేందక్కా?"

"ఆడెపు, సార్."

లేదన్నాను. ఆ కట్టలో లేదు అనడం నాకు రాదు, లేదు అనడమే వచ్చు.

"చీటీ లేదంటె రోగం లేనట్టే. బుగులు పడకు, పో."

మూడో నెలలో వచ్చింది. ఐదో నెలలో వచ్చింది. "మల్లచ్చినవా? నీకిక్కడ కుర్చీ ఏసిపెట్టాల్నా?" అని సంపత్ నవ్వాడు. అదే ఇంటిపేరు, అదే కట్ట, అదే జవాబు.

ఎనిమిదో నెలకూ పాప మెడ నిలవలేదు. రజిత నేల మీద చతికిలబడింది. "మొత్తం చూడున్రి సార్. పొద్దుగూకినా ఈడనే కూసుంటా."

ఆమె లేవదని తెలిసి సంపత్ వరసగా వెతికే బటన్ నొక్కాడు. పొద్దున పదింటికి మొదలుపెట్టాను. రెండింటికి దొరికింది: వేముల రజిత, ఆడపిల్ల. తొలికాన్పు అవ్వగారింటి దగ్గర, పుట్టింట్లో కదా, ఆస్పత్రిలో పేరు రాయించింది రజిత నాన్న. తన ఇంటిపేరే చెప్పాడు. థైరాయిడ్ లోపం, వెంటనే మందు మొదలుపెట్టాలి అని చీటీలో ఉంది. తేదీ చూస్తే, పాపకు అప్పటికి పన్నెండు రోజులు. ఫోను కలవలేదని పక్కన ఎవరో రాసి ఊరుకున్నారు.

సంపత్ ఈసారి నవ్వలేదు. "అవ్వగారి ఇంటిపేరు ముందే చెప్పొద్దా అక్కా?"

"పెండ్లయినంక అది నాది కాదన్నరు సార్."

డాక్టరమ్మ మందు రాసింది. ఇకముందు జరగబోయే నష్టాన్ని మందు ఆపుతుందని, జరిగిపోయిన దాన్ని పూడ్చలేదని చెప్పింది. రజిత ఆ మాటను మూడుసార్లు చెప్పించుకుంది.

ఇప్పుడు నేను మందుల కిటికీ పక్కన, తుక్కు గదిలో ఉన్నాను. నా చోటికి వచ్చిన కొత్తది అంచనా దారిలో రెప్పపాటులో జవాబు చెబుతుందట. రజిత నెలనెలా మందుకు వస్తుంది. ఎవరూ అడగకముందే రెండు ఇంటిపేర్లూ చెబుతుంది. కిటికీ లోపల్నుంచి నర్సమ్మ కసురుతుంది:

"ఒక్కటి చెప్పు చాలు, ఎనక లైన్ల మంది ఉన్నరు."