తాత మర్చిపోయిన ముఖం

నేను ఒక ముఖాన్ని. మెడ లేదు, ఒళ్లు లేదు. గులాబీ రంగు బుగ్గలు, కళ్ల చోట రెండు కన్నాలు, నవ్వుతున్నట్టు చీల్చిన నోరు, వెనకాల రబ్బరు తాడు. క్రిస్మస్ తాత ముసుగు అంటారు నన్ను. ఎక్కడో వేడి అచ్చులో క్షణంలో పుట్టాను. పుట్టేటప్పుడు వేసిన నవ్వు పందొమ్మిదేళ్లయినా దిగలేదు. నవ్వడం ఇంత చాకిరీ అని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

బాపట్ల బజారులో నన్ను కొన్నది ఒక పేట చర్చి కుర్రాళ్లు. మొదటి ఏడు ఒకడు తొడుక్కున్నాడు, మరుసటి ఏడు ఇంకొకడు. లోపల ఊపిరాడటం లేదని, చెమట కంపని ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి వడ్రంగి యోబు మిగిలాడు. కాదనడం చేతకాని మనిషికే ఇలాంటి పనులు తగులుకుంటాయి. నా గడ్డం ఊడితే పాత పరుపులోని దూది తీసి అతికించాడు. బుగ్గ పగిలితే లోపల గుడ్డముక్క అంటించాడు. అలా ఇద్దరం కలిసి ముసలివాళ్లమయ్యాం.

మనుషుల తీరు నాకు ఇప్పటికీ అంతుబట్టదు. నెలంతా పిల్లలకు తాత వస్తాడు, చాక్లెట్లు ఇస్తాడు అని ఊరిస్తారు. తీరా పండగనాడు నేను వెళితే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. పెద్దవాళ్లేమో ఆ ఏడ్చే పిల్లను ఇంకా నా మీదికి తోసి ఫోటోలు తీసుకుంటారు. ఇన్నేళ్లలో నన్ను చూసి జడుసుకోని చంటిపిల్ల ఒక్కతీ లేదు. విసుగెత్తిపోయింది నాకు.

పోయిన ఏడాది యోబు తమ్ముడి కూతురు హెప్సీ వంతు వచ్చింది. అప్పటికి ఏడాదిన్నర పిల్ల. నన్ను చూసి ఎంతగా దడుచుకుందంటే రెండు రోజులు జ్వరం దిగలేదు. పెళ్లీ పెటాకులూ లేని యోబుకు ఆ పిల్లే లోకం. ఈసారి కూడా అలా అయితే తట్టుకోలేనని, తాత వేషం ఇక వెయ్యనని పాస్టరుగారితో చెప్పేశాడు. "నువ్వు కాకపోతే ఇంకెవరున్నారయ్యా" అన్నారాయన. యోబు మామూలుగానే తలూపి వచ్చేశాడు. డిసెంబరు ఒకటిన నన్ను ట్రంకుపెట్టెలోంచి తీసి నట్టింట్లో మేకుకు తగిలించాడు.

"ఇదేం పనిరా యోబూ, పిల్ల మళ్లీ జడుసుకుంటది" అంది వాళ్లమ్మ మార్తమ్మ.

"రోజూ చూత్తా ఉంటే అదే అలవాటవుద్దిలే అమ్మా."

మొదటి రెండు రోజులు హెప్సీ నానమ్మ కుచ్చెళ్ల వెనక నుంచి ఒంటికన్నుతో చూసింది. మూడోనాడు రెండు కళ్లతో చూసింది. ఆ తరువాత నాకు తీరిక లేకుండా పోయింది. వీధిలో ఏ ఇంటిమీద స్టార్ కట్టినా పరుగెత్తుకొచ్చి నాకు చెప్పేది. కొత్త ఎర్రగౌను తెచ్చి చూపించింది. అరిసెలు వండిన రోజు పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. పొద్దున కళ్లు తెరుస్తూనే "ఇయ్యాల కిస్మసా?" అనేది. కాదంటే కళ్లు మూసి తెరిచి "ఇప్పుడు కిస్మసా?" అనేది. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి దాని కాళ్లు నేల మీద నిలవడం మానేశాయి. ఆ సంబరం చూసి చూసి మేకు మీదున్న నాకే ఆయాసం వచ్చేది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ముద్ద నోట్లోనే పెట్టుకుని ఆగిపోయింది.

"నానమ్మా, తాత మొకం మనింట్లో మర్చిపోయాడు. మొకం లేకుండా ఎట్టా వత్తాడు?"

మార్తమ్మకు నవ్వాగలేదు. యోబు మాత్రం నవ్వలేదు. "పండగనాడు వచ్చి తీసుకెళ్తాడులే అమ్మడూ" అన్నాడు.

అంతే, ఆ రోజు నుంచి హెప్సీ నాకు కాపలా. గోడ బూజు దులపబోయిన వాళ్ల నాన్నను కూడా దగ్గరికి రానివ్వలేదు.

పండగ పొద్దున పిల్లకు తలంటుతుండగా యోబు నన్ను సంచిలో వేసుకుని బయటపడ్డాడు. ఆరాధన ముగిసింది. చర్చి ఆవరణలో డప్పులు మోగాయి. మేం గెంతుకుంటూ వెళ్లాం. ఎప్పటిలాగే చంకల్లోని పిల్లలంతా ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. ముందు వరుసలో ఎర్రగౌనులో హెప్సీ, పిడికిలి బిగించి నిలబడి ఉంది. యోబు ఊపిరి బిగపట్టాడు. అది నా బుగ్గలకు తెలిసింది.

పిల్ల ఏడవలేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది.

"నీ మొకం దొరికిందా?"

గొంతు గుర్తుపడుతుందని యోబు తలే ఊపాడు.

"పెద్దనాన్న మేకుకి తగిలిచ్చాడు. నేను చూసుకున్నా."

పిడికిలి విప్పింది. అరిసెల నాటి బెల్లంముక్క, సగం కరిగి అరచేతికి అంటుకుపోయి ఉంది. యోబు వంగాడు. హెప్సీ ఆ ముక్కను నా నోట్లో కుక్కింది. నా పేరు చెప్పి పందొమ్మిదేళ్లు ఎన్ని చాక్లెట్లు పంచారో. నా నోట్లో ఒకరు తీపి పెట్టడం అదే మొదలు. లోపల యోబు ఏడుస్తున్నాడు. నేను నవ్వుతూనే ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం నన్ను మళ్లీ ట్రంకుపెట్టెలో దాచుదామని యోబు ఇంటికి బయల్దేరాడు. వరండా దగ్గరికి వచ్చేసరికి లోపల హెప్సీ గొంతు వినిపించింది. పండగకు వచ్చినవాళ్లందరినీ చెయ్యి పట్టి లాక్కెళ్లి ఖాళీ మేకు చూపిస్తోంది.

"చూడు, తాత మొకం తీసుకెళ్లిపోయాడు."

యోబు అక్కడే ఆగిపోయాడు. కొత్తగౌను పెట్టిన దగ్గర్నుంచి ఆ ట్రంకుపెట్టె మూత హెప్సీ రోజుకు నాలుగుసార్లు తెరుస్తోంది. వెనక్కి తిరిగి నేరుగా తన పనిషెడ్డుకు నడిచాడు. రంపంపొట్టు, విరిగిన కుర్చీకాళ్లు వేసే గోనెసంచి మూతి విప్పాడు. నా గడ్డానికి అంటిన దుమ్ము తుడిచాడు.

"ఇంక చాల్లే. నువ్వూ అలిసిపోయావు" అన్నాడు.

నిజమే, అలిసిపోయాను. వచ్చే ఏడు ఏ కొత్త ముఖం కొనుక్కుంటాడో అతని ఇష్టం. ఇక్కడ పొట్టు మెత్తగా ఉంది. నిన్నటి నుంచి చీమలు వస్తున్నాయి. పెదవి మీది బెల్లాన్ని రవ్వ రవ్వగా మోసుకుపోతున్నాయి. కాస్త మిగల్చండర్రా అని అడగాలని ఉంది. నవ్వడానికే చీల్చిన నోరాయె, ఎలా అడగను.