పాన్ నల్ల మాత్రలు

బియ్యపు నూడుల్స్ కొట్టులో పొయ్యి ముందు నిలబడీ నిలబడీ లియాంగ్ షుయియే తల్లి మోకాళ్లు అరిగిపోయాయి. ఏ మందుకూ లొంగని నొప్పి, సందు చివర మూలికల కొట్టు నడిపే పాన్ ఇచ్చిన నల్ల మాత్రలతో వారం తిరక్కుండానే తోక ముడిచింది.

"వట్టి వేళ్లూ ఆకులే అక్కా, ఇంకేం లేవు," అనేవాడు పాన్.

ముసలావిడ మళ్లీ మెట్లెక్కింది. మాత్రలు మింగుతూ ఏళ్లు గడిచేకొద్దీ ముఖం కూడా నిండుగా అయింది. ఒళ్లు చేసిందనుకున్నారంతా. అది వాపని తెలిసింది, తుంటి విరిగి ఆసుపత్రిలో పడ్డాకే.

"ఈ మాత్రల్లో స్టెరాయిడ్ కలిపారు. ఏళ్ల తరబడి మింగితే ఎముక గుల్లబారిపోతుంది. గుండె బలహీనంగా ఉంది, తుంటికి ఆపరేషన్ కూడా చేయలేం," అన్నాడు డాక్టరు.

షుయియే తిన్నగా పోలీసుల దగ్గరికి వెళ్లింది.

కోర్టులో పాన్ తలెత్తలేదు. "ఈ పొడి కలిపితే మందు త్వరగా పనిచేస్తుందని అమ్మినవాడు చెప్పాడు. నా మోకాళ్లకీ అవే మింగానండి," అన్నాడు. ఉబ్బిన అతని ముఖం చూస్తే అబద్ధమనిపించలేదు.

"ఏం కలుపుతున్నారో తెలియనప్పుడు కలపకూడదు. కలిపారు, మూలికలని చెప్పి అమ్మారు. చట్టం దాన్ని నకిలీ మందనే అంటుంది," అన్నారు జడ్జి. నాలుగేళ్ల శిక్ష వేశారు.

చక్రాల కుర్చీలో పట్టుబట్టి వచ్చిన తల్లి చేతులు జోడించింది. "వదిలేయండయ్యా. నా నొప్పి తగ్గించింది అతనొక్కడే."

బయట పాన్ దగ్గర మందు తీసుకునే ముసలివాళ్లు గుంపుగా నిలబడ్డారు. "కూతురంటే ఇలా ఉండాలి. అమ్మకున్న ఒక్క మందునీ జైల్లో పెట్టించింది," అన్నాడొకాయన. పాన్ భార్య వంగి, కుర్చీలోంచి జారిన ముసలావిడ పాదాన్ని ఎత్తి సరిగ్గా పెట్టి, షుయియే వైపు చూడకుండానే వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక తల్లి మూలుగు మొదలైంది. ఆసుపత్రి మాత్రలు ఏ మూలకీ చాలలేదు.

"బస్టాండు దగ్గర ఇంకొకడు అలాంటి మాత్రలే అమ్ముతున్నాడట. ఒక్క పొట్లం తెచ్చిపెట్టు తల్లీ."

"అది విషమమ్మా."

"తెలుసులేవే. నొప్పి నీది కాదుగా."

షుయియే అల్లం నీళ్లు కాచి, గుడ్డ ముంచి, పిండి, మోకాళ్ల మీద వేసింది.

"అక్కడ కాదు," అంది తల్లి.

గుడ్డ పైకి జరిపింది.

"అక్కడా కాదు."

మరెక్కడో తల్లి చెప్పలేకపోయింది.