చల్లబడ్డ చెవులు

పొద్దున్నే దేవకృప గొంతు బొంగురుగా ఉండేది. జలుబేమీ కాదు. తల్లి పోయాక మారేడ్‌పల్లి ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. ఆ రోజుకి నోరు తెరిచి అనే మొదటి మాట ఏ కొట్టంలోనో, ఏ ఆవుతోనో అయ్యేది. ఆమె పశువుల డాక్టరు. ఈనే ముందూ ఈనిన తర్వాతా ఆవుల నెత్తురులో కాల్షియం ఎంత పడిపోతుందో కొలిచే పని మీద ఆ ఏడు సికింద్రాబాద్ చుట్టుపక్కల కొట్టాలన్నీ తిరుగుతోంది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక కమలాబాయి కొట్టం వాటిలో ఒకటి. భర్త బతికున్నప్పుడు కొట్టం నిండా ఆవులుండేవట. ఇప్పుడు మిగిలింది మల్లి ఒక్కటే. మార్కెట్లో పారేసిన క్యాబేజీ ఆకులు ఏరుకొచ్చి దాన్ని మేపుకుంటూ ముసలామె కాలం వెళ్లదీస్తోంది.

మల్లి మూడో ఈత ఈనింది. పెయ్యదూడ. దేవకృప వెళ్లేసరికి ఆవు నిలబడే ఉంది, దూడను నాకుతోంది. తోక కింది నరంలోంచి నెత్తురు తీసి, వెంట తెచ్చుకున్న చిన్న మిషన్లో చూస్తే కాల్షియం తక్కువ వచ్చింది. కమలాబాయికి నమ్మకం కుదరలేదు.

“మంచిగనే నిలవడ్డది కద బిడ్డా. దీనికేం తక్లీఫ్ లేదు.”

ఈ జబ్బు మొదట్లో పైకి కనపడదనీ, జున్నుపాలలోకి దిగిపోయేంత కాల్షియం ఒంట్లో ఊరడం లేదనీ దేవకృప నచ్చజెప్పింది. నోటి ద్వారా కాల్షియం మందు పట్టించింది. పొదుగు పూర్తిగా పిండొద్దని, చెవులు చల్లబడితే వెంటనే ఫోన్ చేయమని చెప్పి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. “చెవులు సల్లవడ్డయ్ డాక్టరమ్మా. లేస్తలేదు.”

వెళ్లి చూస్తే మల్లి మెడ డొక్క వైపు తిప్పుకుని పడుకుని ఉంది. ముట్టె ఎండిపోయింది. ఈ జబ్బును పాలజ్వరం అంటారు గానీ ఒళ్లు కాలదు, చల్లబడిపోతుంది. దేవకృప మెడ నరానికి సూది పెట్టి కాల్షియం సీసా తగిలించింది. పట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. కమలాబాయే సీసాను పైకెత్తి నిలబడింది. తొందరపడితే ఆవు గుండె ఆగిపోతుంది. దేవకృప మల్లి గుండె మీద స్టెతస్కోప్ ఆనించి, బొట్టు బొట్టుగా వదులుతూ కూర్చుంది.

ముసలామె సీసాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. కిందికి మాత్రం దించలేదు.

“ఇది వోతే పొద్దుగాల్ల నేను ఎవరి కోసం లేవాలె?” అంది.

దేవకృప తను ఎవరి కోసం లేస్తోందో ఆలోచించబోయి మానుకుంది. స్టెతస్కోప్ చెవుల్లోంచి తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

సీసా అడుగంటుతుండగా మల్లి ఒళ్లంతా ఒకసారి జలదరించింది. గట్టిగా తేన్చింది, పేడ వేసింది. ఇంకాసేపటికి మొదట వెనక కాళ్లు కూడదీసుకుని, తూలుతూ లేచి నిలబడింది. కమలాబాయి దాని మెడ మీద తల ఆనించి ఏడ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లు దేవకృప నెత్తురు తీసుకోవడానికి వస్తూ పోతూ ఉంది. కాల్షియం మెల్లగా పెరిగి మామూలుకొచ్చింది. ఇక ఇక్కడ పని అయిపోయిందని చెప్పినప్పుడు కమలాబాయి దూడను విప్పుతూ, “సూది పని లేకుంటె రావా?” అని అడిగింది. వేరే కొట్టాలున్నాయని ఏదో చెప్పి దేవకృప స్కూటర్ ఎక్కింది.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో జనం కుటుంబాలు కుటుంబాలుగా నిలబడి కబుర్లాడుకుంటున్నారు. దేవకృప ఇద్దరు ముగ్గురికి వందనాలు చెప్పింది. మాట అంతకు మించి సాగలేదు. స్కూటర్ తీసి బోయిన్‌పల్లి వైపు తిప్పింది.

ఎందుకొచ్చావని కమలాబాయి అడగలేదు. గోనెసంచి దులిపి వేసింది. ఇద్దరూ గోడకు ఆనుకుని, దూడ పాలు తాగడం చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు వెళ్లింది, కొన్ని వెళ్లలేదు. వెళ్లని వారం కమలాబాయి ఫోన్ చేసేది కాదు, తనూ చేసేది కాదు. వెళ్లిన రోజున మాత్రం పొద్దు వాలినా లేవబుద్ధయ్యేది కాదు.