మొత్తం రాసెయ్

మధుసూదనరావు గారు మా టీమ్ లీడర్. ఏ పనైనా సగమే చెప్పి, మిగతా సగం మనమే ఊహించుకోవాలనే రకం. పని చెడితే మాత్రం ఊహ మనది, తప్పూ మనది. తేలుకి పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందని ఊరికే అనలేదు.

2000లో బూన్ లే దగ్గర ఒక ఫ్యాక్టరీలో డేటాబేస్ సర్వర్ పెట్టడానికి నన్నూ, ఫరాజ్‌నీ పంపారు. ఫరాజ్‌ది హైదరాబాద్. ఈ పరాయి దేశంలో ఉండి పనిచేయడానికి అతనికున్న వర్క్ పాస్ రెన్యువల్ సార్ సంతకం కోసం ఆగి ఉంది. భార్య జాహిదా అక్కడ టీచరు ఉద్యోగం మానేసి, జురాంగ్ వెస్ట్‌లో అద్దె గదికి వచ్చి నెల కూడా కాలేదు.

ఇన్‌స్టాల్ అయింది గానీ సర్వర్ లేవలేదు. ఆ మిషన్‌లో ప్రతి ఫైలుకీ ఒక ఓనర్ ఉంటాడు. డేటా ఫోల్డరేమో రూట్ పేరున, అంటే మిషన్ పెద్ద యజమాని పేరున ఉండిపోయింది. డేటాబేస్‌ని నడిపే యూజర్ వేరు. వాడికి సొంత ఇంట్లోకే ప్రవేశం లేదు. ఫరాజ్ స్పీకర్ ఫోన్‌లో సార్‌ని అడిగాడు.

"ఇంతోటిదానికి ఫోనెందుకయ్యా? మొత్తం ఆ యూజర్ పేరున రాసెయ్!" అని పెట్టేశారు.

సార్ లెక్కలో మొత్తం అంటే ఆ ఫోల్డరు. ఫరాజ్‌కి మొత్తం అంటే మొత్తమే. నేను క్యాంటీన్‌లో టీ తాగొచ్చేసరికి మిషన్‌లోని ప్రతి ఫైలునీ ఆ యూజర్ పేరున రాసేశాడు. ఇక ఎవరికీ లాగిన్ లేదు. ఫ్యాక్టరీ ఆర్డర్లు నడిచేదీ అదే మిషన్ మీద. అవీ ఆగిపోయాయి.

మర్నాడు మీటింగ్. అలా చేయమని ఎవరు చెప్పారని ఫ్యాక్టరీ మేనేజర్ టాన్ అడిగాడు. నాకు ఒళ్ళు మండుతోంది. మొత్తం మార్చమని సారే చెప్పారనీ, నా చెవులతో విన్నాననీ ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను.

సార్ నా వంక చూడనే లేదు. ఫరాజ్ వైపు తిరిగి తెలుగులో మెత్తగా అడిగారు.

"నువ్వే చెప్పు బాబూ. డేటా ఫోల్డరు వరకే అన్నానా, లేదా?"

ఫరాజ్ తల వంచుకున్నాడు. "అన్నారు సార్."

"ఇంగ్లీషులో చెప్పు. ఆయనకి అర్థం కావాలిగా."

చెప్పాడు. నా మాట అబద్ధమైపోయింది.

చెప్పింది వినని మనిషి అక్కర్లేదని సాయంత్రానికల్లా అతని పాస్ క్యాన్సిల్‌కి పంపారు. ఫరాజ్‌ని లిఫ్ట్ దగ్గర పట్టుకుని, ఎందుకలా అన్నావని కసిరాను.

"ఎదురు చెప్తె సంతకం పెట్టరనుకున్న అక్కా," అన్నాడు. లిఫ్ట్ బటన్ నొక్కుతూ, "జాహిదాకు నువ్వు చెప్తవా? నాకు నోరొస్తలేదు," అన్నాడు.