పింగాణీ అరిటాకు

నేను ఒక అరిటాకును. చెట్టుకు పుట్టినదాన్ని కాదు, బట్టీలో కాలినదాన్ని. ఎక్కడో ఉత్తరాదిన ఒక పింగాణీ ఫ్యాక్టరీలో, అరిటాకులో ఒక్కనాడూ భోంచేయని పనివాళ్ళు, ఎవరో ఫోనులో పంపిన బొమ్మ చూసి నన్ను అచ్చుపోశారు. ఆకుపచ్చ రంగు పూశారు, మధ్యన ఈనె గీశారు, గాలికి చిరిగినట్టు అంచున చిన్న చీలిక కూడా పెట్టారు. అసలు ఆకుకైతే దాన్ని లోపమంటారు. నాకది డిజైను.

హైదరాబాదులో, గాజు మేడల మధ్య కొత్తగా తెరిచిన ‘పోపు అండ్ పొయెట్రీ’ అనే రెస్టారెంటులో మేమంతా అట్టపెట్టెల్లోంచి దిగాం. యజమాని నన్ను చేతిలోకి తీసుకుని, కళ్ళు చెమర్చి, “ఇవీ మన మూలాలు” అన్నాడు. నా మూలాలు ఏ లారీలో వచ్చాయో అతనికి తెలుసు. అయినా కళ్ళు చెమర్చాయి. మనుషుల కళ్ళకు ఆ వెసులుబాటు ఉంది.

మధ్యాహ్నం భోజనానికి మెడలో ఐడీ కార్డులు వేలాడేవాళ్ళు వచ్చేవారు. రాత్రి భోజనానికి ఆ కార్డులు తీసేసినవాళ్ళు వచ్చేవారు. మధ్యాహ్నంవాళ్ళు తింటూ ఆఫీసును తిట్టేవారు. రాత్రివాళ్ళు తింటూ ఇంటి వంటను తలుచుకుని నిట్టూర్చేవారు. మరి ఇంట్లోనే తినొచ్చు కదా అని మీరడగకండి, నేనూ అడగలేదు. వడ్డించగానే అందరూ ఫోన్లు తీసి నా మీదికి వంగేవారు. దేవుడికి నైవేద్యం పెట్టినట్టు ముందు ఫోనుకు చూపించి, చల్లారాక తాము తినేవారు. ముద్దపప్పును నురగ చేసి, గోంగూరను మూడు చుక్కలుగా పెట్టి, మా వెయిటరు ఖాజా ఒక్కో చుక్కకూ ఒక్కో కథ చెప్పేవాడు. పాపం, అతను పొద్దున ఆ కథలు బట్టీపట్టి, మధ్యాహ్నం వెనక గదిలో ఇంటి డబ్బా విప్పి కిచిడీలో పుల్లటి ఖట్టా కలుపుకుని తినేవాడు.

ఇలాంటి చోటికి ఒక మధ్యాహ్నం ఇద్దరు వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. నేను అచ్చులో కాస్త పొట్టిగా దిగినందువల్ల ఆ చిన్న టేబులు మీద ఆవిడ ముందు నన్నే వేసేవారు. ఆవిడ పేరు భ్రమరాంబ. ఒంగోలు నుంచి వచ్చి ఈ ఊళ్ళో టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. భర్త పోయి చాలా కాలమైంది, కొడుకు ఇంట్లో ఉంటోంది. ఆయన పేరు రాజేశం. కరీంనగర్ మనిషి, ఆర్టీసీ గ్యారేజీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కూతురి పెళ్ళి చేసి ఒంటరిగా ఉంటున్నాడు. ఇద్దరికీ పరిచయం మోకాళ్ళ నొప్పుల డాక్టరు దగ్గర. ఆవిడకు ఎడమ మోకాలు, ఆయనకు కుడి మోకాలు. ఇద్దరూ కలిస్తే రెండు మంచి కాళ్ళు. అంతకన్నా తక్కువ సరుకుతో ఎన్నో ప్రేమకథలు మొదలయ్యాయి.

“ఇంత గొప్ప హోటలెందుకండీ?” అందావిడ, పప్పు నురగను అనుమానంగా చూస్తూ.

“మనోళ్ళెవ్వరు ఇటు రారు మేడం. గిది జూస్తే భయపడి పారిపోతరు,” అన్నాడాయన.

నిజమే. తెలిసినవాళ్ళ కంట పడకూడదనుకునే ప్రేమికులకు గుబురు పొదలుండే పార్కు ఎంతో, ఈ వయసువాళ్ళకు మా మెనూ అంత.

ఖాజా వచ్చి, కథ మొదలుపెట్టబోయి, ఎందుకో మానేశాడు. అన్నం మాత్రం గరిటెతో వడ్డించాడు. ఆవిడ నా మీద చెయ్యి పెట్టి అన్నం కలుపుకోవడం మరిచిపోయింది.

“ఏమైంది?” అన్నాడు రాజేశం.

“ఏం లేదండీ. నేను కూర్చుని ఉండగా ఎవరైనా వడ్డించి ఎన్నాళ్ళయిందో గుర్తు రావట్లేదు.”

ఆ తరువాత వాళ్ళు తరచు వచ్చారు. గోంగూర చుక్కల్ని చూసి నవ్వుకునేవారు, చివరికి ఖాజాను బతిమాలి, వెనక గదిలో సిబ్బందికి కలిపిన పెరుగన్నం తెప్పించుకుని తినేవారు. పెళ్ళి మాట కూడా ఆ పెరుగన్నం మీదే వచ్చింది. రాజేశం తల వంచుకుని, చెయ్యి చాపి నా ఈనెను వేలితో గీరుతూ అడిగాడు. ఆవిడ ఔనని అనలేదు. “ముందు పిల్లలకు చెబుదాం,” అంది. పిల్లలకు చెప్పడమంటే అనుమతి అడగడమని, ఆ రెంటికీ మధ్య తేడా తెలియనట్టు నటించడం పెద్దరికమని, నాకు అప్పుడు తెలియదు.

అందుకే ఒకరోజు రాత్రి భోజనానికి రెండు టేబుళ్ళు కలిపి వేశారు. ఆవిడ కొడుకు కౌండిన్య వచ్చాడు. కంపెనీలో పెద్ద మేనేజరు. మనుషుల బాగోగుల మీద ఆఫీసులో ఉపన్యాసాలిచ్చే ఉద్యోగం. రాజేశం కూతురు మంజీర వచ్చింది. పళ్ళ డాక్టరు. ఎవరేమన్నా ముందు నోటివైపు చూసే అలవాటు. అమ్మ పక్కన ఎవరీయన అని కౌండిన్య అనుకున్నాడేమో కానీ, ముందు, అమ్మ ఎదుట ఉన్న నాకు నాలుగు ఫొటోలు తీశాడు.

భ్రమరాంబ విషయం చెప్పింది. చుట్టూ తిప్పలేదు. టెలిఫోను ఆపరేటరు కదా, లైను నేరుగా కలిపేసింది.

మంజీర ముందు ఫక్కున నవ్వింది. తండ్రి ముఖం చూసి ఆపుకుంది. “ఆంటీ, మా నాన్న గురక వెడతడు. ఎరుకేనా?”

“మా ఎక్స్ఛేంజీలో బోర్డు మీద లైన్లన్నీ ఒకేసారి మోగేవమ్మా. అలవాటే,” అంది భ్రమరాంబ.

కౌండిన్య నవ్వలేదు. “అమ్మా, ఏంటిది? పరువు సంగతి ఆలోచించావా? పిల్లలకు ఏం చెప్పమంటావ్? రేప్పొద్దున టిఫిను డబ్బాలు కట్టి వాళ్ళను స్కూలుకు ఎవరు తయారుచేస్తారు?” అన్నాడు.

ఒకే ఊపిరిలో పరువు నుంచి పిల్లల టిఫిను డబ్బాల దాకా వచ్చేశాడు. అసలు బాధ ఎక్కడుందో మనుషులు దాచుకోలేరు, కాకపోతే దాని ముందు పరువును కాపలా పెడతారు.

“నీకేం తక్కువ చేశామమ్మా? నీ గదిలో ఏసీ కూడా పెట్టించాను కదా!”

“పెట్టించావు నాన్నా,” అందావిడ. “ఆ ఇంట్లో సాయంత్రం తరవాత నాతో మాట్లాడేది అదొక్కటే.”

కౌండిన్య చేతిలోని ఇత్తడి గ్లాసును ఠపీమని దించాడు. టేబులు మీద అనుకున్నాడు, నా అంచు మీద దిగింది. నా కొస రాలి నేలమీద పడింది. అతను లేచి, చెప్పకుండా వెళ్ళిపోయాడు. రాజేశం కుర్చీలోంచి లేవబోయాడు. “కూర్చోండి,” అంది భ్రమరాంబ. ఆవిడ అన్నం కలుపుకుంది. కొడుకు అలిగి వెళితే వెనకాల పరుగెత్తని తల్లిని నేను ఆ రోజే చూశాను. ఆవిడ కూడా తనను అలా చూసుకోవడం అదే మొదటిసారేమో. ఒక్కో ముద్దా కష్టంగా మింగింది. మంజీర మెల్లిగా కుర్చీ జరుపుకుని వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. చివరి మెతుకు దాకా తిన్నాకనే భ్రమరాంబ కళ్ళు తుడుచుకుంది.

వాళ్ళింకా లేవకముందే రెస్టారెంటు మేనేజరు నన్ను పరీక్షించి ఉద్యోగంలోంచి తీసేశాడు. విరిగిన పళ్ళెం కనిపిస్తే వాతావరణం చెడిపోతుందట. ఆ మాట అన్నది, గోడ నిండా పగిలిన పాత కుండలు అలంకారంగా వేలాడదీసిన హాల్లో నిలబడి. నన్ను చెత్త గదికి తీసుకుపోతున్న ఖాజాను భ్రమరాంబ ఆపింది. “పారేసేదైతే నాకిచ్చెయ్ బాబూ.” అతను తన తువ్వాలులో చుట్టి ఇచ్చాడు.

వాళ్ళ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. మంజీర సాక్షి సంతకం చేసింది. నేను వనస్థలిపురంలో రాజేశం ఇంటి వంటగదిలో చేరాను. కౌండిన్య రాలేదు. ఫోనూ చేయలేదు. భ్రమరాంబ కూడా చేయలేదు కానీ, ఎవరి ఫోను మోగినా గరిటె ఆపేది. ఆయన గురక పెట్టేవాడు, ఆవిడ విసుక్కునేది. ఉదయం కాఫీ ఆయనే పెట్టేవాడు. అది ఘోరంగా ఉండేదని ఆవిడ ముఖం చెప్పేది, బాగుందని నోరు చెప్పేది. ఉత్తుత్తి ఆకునైన నేను ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం వేలెత్తి చూపలేను.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. కౌండిన్య. చేతిలో మోకాలి పట్టీ. “మర్చిపోయావని తెచ్చా,” అన్నాడు గుమ్మంలోనే. అది పాతది. మర్చిపోయి చాలా నెలలైంది. మనిషి చిక్కాడు. ఇంట్లో వంట మానేసి రోజూ ఫోనులో తెప్పించుకుంటున్నారని ఆ చిక్కిన బుగ్గలు చెప్పకనే చెప్పాయి.

“చేతులు కడుక్కో,” అంది భ్రమరాంబ.

ఆ ఇంట్లో రెండే కంచాలు బయట ఉండేవి. మూడోదిగా నన్ను వేశారు. విరిగిన కొసను కౌండిన్య చూశాడు. గుర్తుపట్టాడు. తల దించుకున్నాడు. ఆవిడ కూర వడ్డించింది. అన్నం మీద చారు రాజేశం పోశాడు. నాకు గట్టు లేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. చారు నా ఈనె వెంట ఏరులా పారి, విరిగిన కొస దగ్గర దారి దొరికి, కౌండిన్య ఖరీదైన ప్యాంటు మీదికి దూకింది.

గరిటె పట్టుకుని రాజేశం బిగుసుకుపోయాడు. గ్యారేజీలో ఎన్ని బస్సులు చెడినా పడనంత కంగారు పడ్డాడు. “అది ఆకు కాదు బిడ్డా. ఆకు వేషం ఏసుకున్నది. అన్నంతోటి కట్ట కట్టుకో,” అన్నాడు.

కౌండిన్య ఆయనకేసి చూశాడు. తరువాత చెంచా పక్కన పెట్టి, చేత్తో అన్నాన్ని చుట్టూ దగ్గరికి లాగి, చిన్నపిల్లవాడిలా ఒళ్ళంతా వంచి గట్టు కట్టాడు. భ్రమరాంబ చప్పుడు కాకుండా పొయ్యివైపు తిరిగి నిలబడింది.

“ఇంకొంచెం పొయ్యండి, అంకుల్,” అన్నాడతను.

రాజేశం వంగి పోశాడు. ఈసారి కట్ట తెగలేదు.